ఉప్పుగోనెయు ఓడరేవును

సంఘ కార్యవర్గమువారు ఈ మహాసభా సంచికకై కులచరిత్ర నొకదానిని వ్రాసి యిమ్మని మమ్ము కోరిరి. ఇట్టి సంచికలందు సాధారణముగా కనుపించునది సూర్యచంద్ర వంశముల వృత్తాంతము, పరశురాముని గండ్రగొడ్డలి, అడవులలో తల దాచుకొనిన రాజపుత్రుల కథ. వానిని కాదనుటకు మేము పూనుకొనలేదు. వ్రాయువారు మనలో పలువురు కలరు, వ్రాసియు నున్నారు. మేము 35 సంవత్సరములు బడిపిల్లలకు సంస్కృతాంధ్రములు చెప్పి విశ్రమించినవారము. అక్షరము కన్నులార చూచినగాని మాట నమ్మకుండుట మాకు అలవాటైపోయినది. కావున ఈ పర్యాయము రాజులను ఒక ప్రక్కన నుంచి, ఎద్దును, గోనెను, ఉప్పును గూర్చి వ్రాయదలచితిమి. చదువరులు ఓపికతో చదువుదురు గాక.

ఇందులకు వేరొక నిమిత్తమును కలదు. ఇటీవల మా ప్రాంతమునందలి పాఠశాల యొకటి విదేశములందలి కొన్ని పాఠశాలలతో కలసి ఉమ్మడిగా నొక పాఠమును చేపట్టెను. విషయము: ఓడరేవులు, సముద్రము. సముద్రతీర పట్టణముల పిల్లలు తమ రేవులందలి దీపస్తంభములను, చేపల సంతలను, ఓడలను చిత్రించి పంపిరి. మన పిల్లలు బదులు వ్రాయవలెను. ఏమి వ్రాయవలెనో తోచక, పాత సంగతులు తెలిసిన ముసలివాడని మమ్ము పిలిపించిరి. అందొక బాలిక లేచి "సార్, మనకు సముద్రమే లేదు గదా, మనమేమి వ్రాయగలము?" అని యడిగినది. ప్రశ్న న్యాయమైనది. సూర్యాపేటలోగాని, కోదాడలోగాని, మిర్యాలగూడలోగాని ఏ మిద్దె యెక్కి చూచినను కానవచ్చునవి చెఱువులు, గుట్టలు, వరిచేలు మాత్రమే. సూర్యాపేటనుండి మచిలీబందరు సుమారు 200 కిలోమీటర్ల దూరము. ఐనను ఆ బిడ్డ యింటిపేరు విన్నంతనే మాకు నవ్వు వచ్చినది. ఆమె మన కులపు బిడ్డయే. సముద్రము లేదన్న ఆ బిడ్డ కులనామమునందే సముద్రపు సరకు కట్టియున్నది.

పెరిక యనగా నేమి? ఎద్దు వీపుపై అడ్డముగా వేసి, ఇరుప్రక్కల బరువు సరిపోవునట్లు నింపెడి గోనెసంచి. కంటలమనియు దీనినే యందురు. నిఘంటువులు గోనె యనియే యర్థము చెప్పుచున్నవి. 1901 జనాభా లెక్కలలోను, వానిని అనుసరించి 1909లో వెలువడిన థర్‌స్టన్ దొరగారి దక్షిణదేశ కులముల గ్రంథములోను మన కులనామమునకు ఈ యర్థమే వ్రాయబడినది. పురగిరి క్షత్రియులమని మనవారు చెప్పుకొను మాటయు నచ్చటనే కలదు. జనుమునారతో గోనెలు నేయుట, ఆ గోనెలలో ధాన్యమును ఉప్పును నింపి ఎడ్లపై వేసి దేశమునుండి దేశమునకు చేర్చుట మన పూర్వుల వృత్తి. మనలో కొందఱు ఈ యర్థమును వినుటకు నామోషీ పడుదురు. పెండ్లిపత్రికలలో 'పురగిరి' ముద్రించి, గోనెమాట యెత్తినవానిని కోపగింతురు. వారి మనస్సు మేమెఱుంగనిది కాదు. మోతపని చేసినవాడు తక్కువవాడనెడి భావము ఈ దేశమున చిరకాలముగా నాటుకొనియున్నది. ఆ భావపు దెబ్బలు తిన్నవాడు పేరు మార్చుకొన గోరుటలో వింత లేదు. కాని ఆ భావమును మనమే యొప్పుకొని మన చరిత్రనుండి మన ఎడ్లను తోలివేసినచో మిగులున దేమి? రాజులు పుట్టినచోట్లు చెప్పువారు వేయిమంది; సముద్రతీరపు ఉప్పు మెట్టసీమ గంజిలోనికి ఎట్లు వచ్చినదో చెప్పవలసినవారము మనమే.

ఆ బాలికకు చెప్పవలసిన సమాధానము మిక్కిలి పాతకాలమున మొదలగును.

క్రీస్తుశకము మొదటి శతాబ్దమున గ్రీకుభాషలో వ్రాయబడిన 'ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్' అను నావికుల గ్రంథమున మన తీరము మసలియా యను పేర కానవచ్చుచున్నది. అచట సన్నని నూలుబట్టలు విరివిగా తయారగునని దాని కర్త వ్రాసెను. ఆ గ్రంథమునందే దక్షిణాపథమున తగరమను మహానగరము గలదనియు, తీరప్రాంతములనుండి అనేక వస్తువు లచ్చటికి వచ్చుననియు, అచ్చటినుండి భరుకచ్ఛమునకు పోవుననియు గలదు. ఈ తగరము నేటి మహారాష్ట్రమునందలి తేర్ గ్రామము. 1901లో ఫ్లీట్ పండితుడు దీనిని నిరూపించుచు నొక సంగతి వ్రాసెను. మచిలీబందరునుండి యొకటి, వినుకొండనుండి యొకటి, రెండు బాటలు బయలుదేరి హైదరాబాదునకు ఆగ్నేయముగా సుమారు 25 మైళ్ళ దూరమున కలసి, తేర్ మీదుగా పైఠనునకు పోయినవని యతని యభిప్రాయము. పటము తీసి చూచినచో మచిలీబందరునుండి హైదరాబాదునకు పోవు బాట మన కోదాడ సూర్యాపేటల పొలిమేరలు త్రొక్కక పోజాలదు. నేడు పూనానుండి షోలాపురము, హైదరాబాదు, సూర్యాపేట, కోదాడల మీదుగా బందరు చేరు 65వ నంబరు జాతీయరహదారిని వేసిన ఇంజనీర్లు పెరిప్లస్ చదివిరో లేదో మాకు తెలియదు. చదువకున్నను దారి అదియే యైనది. కొండలు, నదుల రేవులు ఎక్కడ దారి యిచ్చునో అక్కడనే మనుష్యుడును ఎద్దును లారీయును నడచుట సహజము.

రెండవ శతాబ్దమువాడగు టాలెమీ యీ తీరమున కొంటకొస్సిల యను రేవును పేర్కొనెను. అది కృష్ణాజిల్లాలోని ఘంటసాల. అచ్చటి ప్రాకృత శాసనములందు కంటకసెల యని దాని పేరు. నాగార్జునకొండ యందు బోధిసిరి యను ఉపాసిక వేయించిన శాసనమునను ఆ యూరి మహాచైత్యము ప్రస్తావింపబడినది. ఆ శాసనమునందే తామ్రపర్ణి, యనగా సింహళద్వీపపు భిక్షువులును స్మరింపబడిరి. మిర్యాలగూడవారికి నాగార్జునకొండ పొరుగూరు వంటిది. పొరుగూరి కొండమీద సింహళ భిక్షువులు తిరిగిన కాలమున మనది మారుమూల యనుట యెట్లు?

సూర్యాపేటకు చేరువనున్న ఫణిగిరి మాట చెప్పనక్కరలేదు. 1940 దశకమున నిజాము ప్రభుత్వపు పురావస్తుశాఖవారు అచ్చట త్రవ్వి స్తూపమును, విహారములను బయల్పఱచిరి. తరువాతి త్రవ్వకములలో తోరణశిల్పములు, ఇక్ష్వాకు రాజగు రుద్రపురుషదత్తుని 18వ రాజ్యసంవత్సరపు శాసనము లభించినవి. 2023లో ఆ శిల్పములలో కొన్ని సముద్రము దాటి న్యూయార్కు నగరపు మెట్రొపాలిటన్ మ్యూజియమునందు ప్రదర్శింపబడినవి. 2024లో ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణెములు దొరకినవి. ఒకవైపు ఏనుగు, ఒకవైపు ఉజ్జయినీ చిహ్నము. సీసపు నాణెము చిల్లర నాణెము. బంగారు నాణెము రాజుల పెట్టెలలో నుండును, చిల్లర సంతలో తిరుగును. అంత చిల్లర యొకచోట నుండెననగా అచ్చట కొనుట, అమ్ముట గట్టిగా జరిగినదని మా యూహ. నల్లగొండజిల్లా అక్కెనపల్లిలో రోమక చక్రవర్తుల వెండినాణెములు 1,500కు పైగా నొకచోట బయల్పడినవి. అగస్టసు, తిబెరియసుల ముఖములు ముద్రించిన వెండి మన మెట్టపొలములోనికి తనంతట తాను నడచి రాలేదు గదా.

ఇక అసలు కథకు వత్తము. ఆ బాలిక సముద్రతీరపు పిల్లలకు ఒక్క విషయమే వ్రాయదలచినచో మేము మోటుపల్లి శాసనమును వ్రాయుమందుము.

మోటుపల్లి నేటి బాపట్లజిల్లాలో, చినగంజామునకు సమీపమున నున్న చిన్న గ్రామము. కాకతీయుల కాలమున అది మహాపట్టణము. దేశియుయ్యక్కొండపట్టణమని దానికి మారుపేరు. శకవర్షము 1166, అనగా క్రీ.శ. 1244–45లో గణపతిదేవ మహారాజు అచ్చట నొక అభయశాసనమును స్థాపించెను. వీరభద్రాలయమున ఆ శాసనస్తంభము కలదు. దాని తాత్పర్యమును మా మాటలలో చెప్పుదుము. ఒక దేశమునుండి మఱియొక దేశమునకు పోవు ఓడలు గాలివానకు చిక్కి పగిలి తీరమునకు కొట్టుకొని వచ్చినచో, పూర్వపు రాజులు అందలి బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బలాత్కారముగా తీసికొనుచుండిరి. మేము మాత్రము, ప్రాణముకన్న ధనమే గొప్పదని భావించి సముద్రప్రయాణమను మహాసాహసమునకు పూనుకొనువారిపై కనికరముచేతను, కీర్తికొఱకును ధర్మముకొఱకును, నియతమైన సుంకము తప్ప తక్కిన సర్వమును విడిచిపెట్టితిమి. ఎగుమతి దిగుమతులపై 30 వంతులలో నొకవంతు మాత్రమే సుంకము. తరువాత సరకుల పట్టిక: శ్రీగంధము, కర్పూరము, చీనికర్పూరము, ముత్యములు, పన్నీరు, ఏనుగుదంతము, జవ్వాది, రాగి, సీసము, పట్టునూలు, పగడములు, మిరియములు, పోకలు.

శాసనకర్త యీ నియతసుంకమును కౢప్తశుల్కమనెను. సంస్కృతము చదివినవారికి ఈ మాట రుచించును. కౢప్తమనగా ముందుగానే యేర్పఱుపబడినది; అప్పటికప్పుడు అధికారి యిచ్చవచ్చినట్లు పెంచుటకు వీలులేనిది. వర్తకుడు భయపడునది సుంకమునకు కాదు, తెలియని సుంకమునకు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున నావధ్యక్షుని విధులు చెప్పుచు, గాలిదెబ్బ తిన్న ఓడను తండ్రివలె ఆదరింపవలెననియు, నీటబడిన సరకునకు సుంకము మానుటయో సగము చేయుటయో చేయవలెననియు విధించెను. శాస్త్రమున నీతి పాతదే. కాని శాస్త్రమున నుండుట వేఱు, రేవులో ఱాతిపై చెక్కించి పరదేశి చదువుకొనునట్లు నిలుపుట వేఱు. ఆ కాలమున తక్కిన ప్రపంచ మెట్లుండెనో చూడుడు. ఇంగ్లండులో 1275 నాటి వెస్ట్‌మినిస్టరు శాసనమున, ఓడనుండి మనుష్యుడుగాని, కుక్కగాని, పిల్లిగాని ప్రాణముతో బయటపడినచో అది పగిలిన ఓడగా లెక్కింపరాదు, సరకు హక్కుదారునికి దక్కవలెనని విధింపబడినది. అనగా పిల్లియైనను బ్రతుకకున్నచో సరకు రాజుదే! మన గణపతిదేవుడు అంతకు 30 ఏండ్లు ముందుగనే, పిల్లి ప్రసక్తి లేకయే, సరకును వర్తకునికి విడిచెను. సముద్రతీర దేశముల పిల్లలకు ఈ యొక్క పోలిక చాలును. వారి ఉపాధ్యాయులు కూడ దీనిని చదివి కొంతసేపు ఆలోచింతురు.

ఆ పట్టికను మేము పలుమారులు చదివితిమి. అందు ఉప్పు లేదు. ఉండదు కూడ, ఉప్పు ఓడలో రాదు, తీరమున మళ్ళలోనే పండును. కాని పోకలును మిరియములును పగడములును ఓడ దింపినచోటనే తినబడలేదు, కట్టుకొనబడలేదు. ఓరుగంటి అంగళ్ళకు చేరవలెను. పటముపై మోటుపల్లికిని ఓరుగల్లునకును నడుమ సూటిగా గీత గీచినచో ఆ గీత కోదాడకు కూతవేటు దూరమున పోవును. బాటలు గీతలవలె పోవని మేమెఱుంగుదుము. వర్తకుని బిడారు ఏటి రేవును, నీటి చెఱువును, సత్రమును చూచుకొని వంకరలు తిరుగును. ఐనను కాకతీయుల సామంతులగు రేచర్ల రెడ్లు సూర్యాపేట ప్రక్కన పిల్లలమఱ్ఱిలో కట్టించిన ఆలయములను చూచినప్పుడెల్ల మాకీ గీతయే జ్ఞప్తికి వచ్చును. 1208లో ఎఱకసానమ్మ కట్టించిన ఎఱకేశ్వరాలయపు పనితనము కేవలము జొన్నచేల రాబడితో సాధ్యమా యని తోచును. ఇది ఊహ, శాసనసిద్ధము కాదు. ఓడనుండి దించిన సరకు బండ్లపైనను ఎద్దులపైనను వచ్చెననుట మాత్రము ఊహ యనిపించుకొనదు, వేఱు దారి లేదు గనుక.

గణపతిదేవుని తరువాత రుద్రమదేవి. వెనిసు నగరపు మార్కోపోలో యీ తీరమును ముట్ఫిలి యని పేర్కొని, వివేకవతియు న్యాయశీలయు నగు రాణి యేలుబడిని, వజ్రములను, సాలెగూటివంటి సన్నని బట్టలను కొనియాడెను. ముట్ఫిలి మోటుపల్లియే. అతడామెను రాజు భార్యగా వ్రాసెను. ఆమె రాజు కూతురు. పరదేశి రేవులో విన్నమాట వ్రాసెను, రేవులో అన్ని మాటలును సరిగా వినబడవు. ఆమె నిర్యాణమును తెల్పు శాసనము నకిరేకల్లు ప్రక్కన చందుపట్లలో దొరకినది. 1289 నవంబరు 27వ తేదీగల ఆ శాసనము, రాణికిని సేనాని మల్లికార్జుననాయకునికిని పుణ్యముగా పువ్వుల ముమ్మడి యనువాడు చేసిన భూదానమును చెప్పుచున్నది. మార్కోపోలో ఈ తీరమునకు వచ్చినది 1290 తరువాత. అనగా వెనిసువాడు లోకమునకు చాటిన రాణి అప్పటికే గతించినది. ఆ విషయము సూర్యాపేటకు హైదరాబాదునకు నడుమ బాటప్రక్కన ఱాతిపై వ్రాసియున్నది. కోదాడనుండి హైదరాబాదునకు బస్సులో పోవు మనవారెందఱో ఆ మలుపును ప్రతిదినము దాటుచుందురు.

మోటుపల్లి అభయమును 1358లో రెడ్డిరాజగు అనవోతారెడ్డి మరల స్థిరపఱచెను. తరువాత రేవు క్రమముగా క్షీణించినది. దాని స్థానమున మచిలీబందరు తల యెత్తినది. గోలకొండ సుల్తానుల కాలమున, 17వ శతాబ్దారంభమున డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు అచ్చట వర్తకశాలలు పెట్టిరి. అప్పుడు గోలకొండ బందరు బాట దేశమునకంతటికిని ప్రాణనాడి. ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే ఆ బాటను పలుమారులు నడచి వ్రాసిన సంగతులలో రెండు మనకు ముఖ్యమైనవి. మొదటిది: గోలకొండ రాజ్యమున, విశేషించి గోలకొండకును బందరునకును నడుమ, చక్రముల బండ్లకు దారి యనుకూలింపదు, మనుష్యుడు పల్లకిలో, సరకు ఎద్దుపై పోవలసినదే. రెండవది: ఒక్కొక బిడారున 10,000, 12,000 ఎడ్లు నడచునట! అన్నము లేనిచోటికి బియ్యమును, ఉప్పు లేనిచోటికి ఉప్పును మోసికొని పోవుచుండును. ఇఱుకుబాటలో అట్టి బిడారు ఎదురైనచో ప్రయాణికుడు రెండుమూడు దినములు ఒక ప్రక్కన నిలువవలసినదే. గొప్ప దొరయైనను ఎద్దుకు దారి యియ్యక తప్పలేదన్న మాట.

తావెర్నియే వర్ణించిన బిడారులు ముఖ్యముగా లంబాడీలవి. వారిలో నాలుగు తెగలు, ఒక్కొక్క తెగ ఒక్కొక్క సరకునే మోయుచు, ఒకరి సరకు నొకరు ముట్టకుండిరని అతడు వ్రాసెను. మన పెరికవారు అదే బాటలపై చిన్న గుంపులుగా, ఊరికిని సంతకును నడుమ తిరిగినవారు. లంబాడీ సోదరులతో మనకు పోటీయు నుండెను, స్నేహమును నుండెను. నేడు ఈ మూడు తాలూకాల తండాలవారికిని మనకును పలకరింపులు తక్కువ. ఒకే బాటపై ఒకే ఉప్పు మోసినవారమన్న సంగతి రెండు పక్షములవారును మఱచుటయే అందులకు కారణమని మా అభిప్రాయము.

బరువు వేసిన ఎద్దు దినమునకు 10, 12 మైళ్ళకు మించి నడువదు. సూర్యాపేటకు బందరు సుమారు 125 మైళ్ళు. పోవుట పండ్రెండు దినములు, వచ్చుట పండ్రెండు. రేవులో బేరమునకును, ఎడ్లకు దమ్ము తీయుటకును నాలుగైదు దినములు. ఒక నెల గడచినగాని ఇల్లు కానరాదు. వానకాలమున ఉప్పు కరగును గనుక సంక్రాంతి మొదలు మృగశిర వఱకే ప్రయాణము. అనగా సంవత్సరమునకు నాలుగైదు మార్లు. పోవునప్పుడు జొన్నలు, పప్పులు, ఆముదములు, వచ్చునప్పుడు ఉప్పు. ఎద్దునకొక గోనె, గోనెకు రెండు కడుపులు. ఏరు దాటువేళ గోనె తడిసినచో నెలదినముల కష్టము ఏటిపాలు. గణపతిదేవుడు ఓడ పగిలినవానికి అభయమిచ్చెను గాని ఏటిలో ఎద్దు జాఱినవానికి ఎవరును శాసనము వేయించలేదు. అందువలననే మన చరిత్ర ఱాళ్ళపై లేదు, మాటలలో నున్నది. 'ఉప్పు తిన్న విశ్వాసము' అను మాటలోని ఉప్పును మోసినవాడెవ్వడో ఆ సామెత చెప్పదు.

ఈ సముద్రసంబంధము తెగిపోయినది ఎట్లు? 1759లో ఇంగ్లీషువారు ఫ్రెంచివారినుండి బందరుకోటను పట్టుకొనిరి. 1766 సంధితో ఉత్తరసర్కారులు నిజాము చేతినుండి జాఱినవి. గుంటూరు 1788లో పోయినది. సముద్రపుటంచు లేని రాజ్యమైనది హైదరాబాదు. 1802లో కుంపిణీవారు నిజాముతో చేసికొనిన వర్తకపు ఒడంబడికలో బందరురేవును వాడుకొను హక్కు నిజామునకు కలదని వ్రాసిరి. కాగితముపై రేవు తెఱచియున్నది, నిజము. కాని 1805లో మద్రాసు రాజధానియందు ఉప్పును ప్రభుత్వము తన గుత్తకు తీసికొనినది. మళ్ళలో తయారైనది సర్కారు ఉప్పు. సర్కారు చెప్పినదే ధర. అప్పటినుండి మనవాడు బేరమాడు వర్తకుడు గాక, చెప్పిన ధరకు కొని మోయువాడైనాడు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన బందరును ముంచినది. పట్టణమునను చుట్టుప్రక్కల పల్లెలందును సుమారు 30,000 మంది మరణించిరి. రేవు మరల పూర్వపు దశకు రాలేదు.

ఐనను ఎద్దును బాటనుండి తప్పించినది ఉప్పెన కాదు, రైలు. 1889లో నిజాము రైలు బెజవాడ చేరినది. అది మన బాట వెంట రాలేదు. ఓరుగల్లు, డోర్నకలు, ఖమ్మము, మధిరల మీదుగా పోయినది. ఒక్క వ్యాగనులో వందలకొలది ఎడ్ల బరువు ఒక పగటిలో దాటిపోవుచుండగా నెలనాళ్ళు నడచు ఎద్దును ఎవడు పిలుచును? మనవారు కంటలములు దించి నాగళ్ళు పట్టిరి. ఎద్దు మాఱలేదు, కాడి మాఱినది. సూర్యాపేటకు రైలు నేటికిని రాలేదన్నది వేఱు సంగతి; దానిపై మహాసభలు చేసిన తీర్మానములకు కొదువ లేదు.

మిర్యాలగూడవారు మమ్ము తప్పుపట్టకుండ వారి మాటయు చెప్పవలెను. మూసి కృష్ణలో కలియు వాడపల్లి వారి తాలూకాలోనిది. సంగమమున అగస్త్యేశ్వరాలయము, నరసింహస్వామి యాలయము కలవు. తెలుగున వాడ యనగా ఓడ యను నర్థము కలదు; వాడరేవు, వాడబలిజ యను మాటలయం దదియే. వాడపల్లి ఓడలపల్లియా? పల్లెవాడయనెడి అర్థమున వచ్చిన మామూలు పేరా? ఊరిపేరుతో పందెము కట్టినవాడు ఓడిపోవుటయే మేము చూచితిమి గనుక ఇంతటితో విడుతుము. కాని మిర్యాలగూడకు సముద్రసంబంధమునకై నిఘంటువుతో పనిలేదు. 1967లో నాగార్జునసాగరము నీరు కాలువలలో పాఱిన తరువాత ఎడమకాలువ క్రింద మిర్యాలగూడ, హుజూర్‌నగరు, కోదాడ ప్రాంతములు వరిమాగాణమైనవి. మిర్యాలగూడ చుట్టును బియ్యపు మిల్లులు లేచినవి. 2025 మార్చి మాసాంతమున తెలంగాణ బియ్యము 12,500 టన్నులు కాకినాడ రేవున ఓడ కెక్కి ఫిలిప్పీన్సు దీవులకు పోయినవి. ఆ ఓడలో ఏ మిల్లు బియ్యమెంతయో లెక్క మా యొద్ద లేకపోయినను, కాకినాడ దారి పట్టు లారీలను మిర్యాలగూడ నాలుగురోడ్ల కూడలిలో నిలిచి ఎవరైనను చూడవచ్చును. పూర్వము ఉప్పు పైకి వచ్చినది. ఇప్పుడు బియ్యము క్రిందికి పోవుచున్నది. గోనె జనుముది పోయి ప్లాస్టిక్కుది వచ్చినది.

బాలికకు మేమీ సంగతులలో సగము చెప్పితిమి; సగము ఆమెయే తన తాతనడిగి తెచ్చినది. కంటలము, దమ్ము, గంటెద్దు మొదలగు మాటలు ఇరువది దాక వ్రాసికొని వచ్చి, వానిలో కొన్నింటి యర్థము మమ్మే యడిగినది. గంటెద్దు అనగా బిడారున ముందు నడచు ఎద్దు. దాని మెడ గంట విని వెనుకటివి చీకటిలో దారి తప్పక నడచును. విదేశపు పిల్లలకు దీపస్తంభమునకు బదులుగా దీనిని చిత్రించి పంపిరట. అది మాకు చాల సబబుగా తోచినది.

ఇప్పుడు కార్యవర్గమువారికి మా మనవి. మన కులవృత్తిని గూర్చిన మాటలు, పాటలు, ఎడ్ల గంటలు, పాత గోనెలు, కొలపాత్రలు, సుంకపు చీటీలు ఎవరి యింట నున్నను రాబోవు మహాసభకు తెచ్చి యొక బల్లపై నుంచుడు. వంశవృక్షములు కూడ ఉంచుడు, మాకభ్యంతరము లేదు; కాని గంటలను వాని క్రింద కప్పివేయకుడు. 80 ఏండ్లు దాటినవారు ఊరికిద్దఱో ముగ్గురో కలరు. వారు స్వయముగా బిడారు నడపినవారు కారు గాని నడపినవారి ఒడిలో కూర్చుండి విన్నవారు. వారిని అడుగుటకు డబ్బు పనిలేదు, ఒక పూట తీరిక చాలును.

విద్యార్థి వసతిగృహమువారు ప్రతియేట జరుపు విహారయాత్రను ఈ యేడు మోటుపల్లికి మార్చిన బాగుండును. చినగంజాము స్టేషనులో దిగినచో ఊరు దగ్గఱ. వీరభద్రాలయమున గణపతిదేవుని స్తంభమును చూపి, దారిలో చినగంజాము ఉప్పుమళ్ళను కూడ చూపవలెను. మళ్ళలో పని ఎండలు ముదిరిన పిమ్మట జోరుగా సాగును గనుక మాఘ ఫాల్గుణములలో పోవుట మేలు. పిల్లలు ఒక్కొక్క పిడికెడు ఉప్పు తెచ్చుకొనుటకు చిన్న గుడ్డసంచులు వెంట తీసికొని పోవలెను. గోనెగుడ్డవైనచో మఱియు మంచిది.